గడప దాటిన పూరి

“పిల్ల సూసిందా?”

పెద్దరాములు ఈ మాట అడగడం ఇది మూడోసారి. భార్య సంగమ్మ గోలెం పక్కన అట్లాగే నిలబడి ఉంది. కుడితి మీద తేలుతున్న పూరిని బర్రె మూతితో ఒకసారి పక్కకు నెట్టింది, మరోసారి నెట్టింది, చివరికి నాలుక చాపి లోపలికి లాక్కుంది.

“నిన్నే అడిగేది. జాహెదా సూసిందా, లేదా?”

“సూసింది.”

“ఏమన్నది?”

“ఏమనలే. గా బట్టలు గోడ మీద వెట్టి పోయింది.”

మట్టిగోడ మీద కూతురు ముత్యాలు కోసం కుట్టిన కొత్త లంగా, రవిక మడత పెట్టి ఉన్నాయి. కుట్టింది జాహెదా తండ్రి సాదుల్లా. సంగారెడ్డి బజారులో మిషను పెట్టుకున్న దర్జీ. జబ్బు పడి లేచిన పిల్లకు కొత్త బట్ట కట్టాలని తనే వచ్చి కొలతలు తీసుకుని పోయాడు. కూతురి చేత పంపితే ఆ కూతురి కంట పడ్డది ఇదీ!

జరిగింది చాలా చిన్న సంగతి. చిన్నది కాబట్టే సిగ్గు అంత పెద్దదయింది. ఆ పొద్దున జాహెదా తల్లి ఫకృన్నీసా ఇంట్లో కుండల నియాజ్. మొక్కు మొక్కుకున్నవాళ్లు కొత్త మట్టికుండల్లో తీపి పూరీలు, ఖీరు నింపి, తెల్ల దుప్పటి మీద పెట్టి, ఫాతెహా చదివించి, పిలిచినవాళ్లకు పెడతారు. దానికి ఒక్కటే కట్టుబాటు. అక్కడే కూర్చుని తినాలి. ముక్క కూడా గడప దాటకూడదు. పోతిరెడ్డిపల్లిలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది ఈ సంగతి. సంగమ్మకు తెలియదా? తెలుసు. తెలిసీ రెండు పూరీలు కొంగున ముడి వేసుకుని, గడప దాటి, గల్లీ దాటి, ఇంటికొచ్చి ఒకటి తన చేత్తో గోలెంలో వేసింది. రెండోది వేయబోతూ తల ఎత్తితే ఎదురుగా జాహెదా. అది మళ్లీ కొంగు ముడిలోకే పోయింది.

“బర్రె తిన్నది గద. మన్నుల వడలే, కుక్క నోట్ల వడలే,” అంది అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న నర్సింహమ్మ. “దానికి గింత పరేషాన్ ఎందుకు?”

“అమ్మా, నువ్వు జెర సప్పుడు జెయ్యకు,” అన్నాడు పెద్దరాములు.

“నేనెందుకు ఊకుంట? ఒట్టు వెట్టించింది నేను. పిలిచినంక పోకుంటె బాగుండదు, పో, కూసో, రా. నోట్ల మాత్రం వెట్టకు, ముత్యాలు మీద ఒట్టు అన్న. కోడలు మాట నిలవెట్టుకున్నది. తప్పేముంది?”

“మరి పీర్ల పండుగకు మలీద ముద్దలు నెత్తిన వెట్టుకోని ఉరికేది ఎవరు? నేను పీరెత్తుకుంటె నా కాళ్ల మీద బిందెతోని నీళ్లు వోసి మొక్కేది ఎవరు?”

“నేనే. మొక్కుత. అది దేవుడు.”

“మరి ఇదేంది?”

“ఇది ఇల్లు. దేవుడు అందరోడు. పొయ్యి ఎవ్వరిది వాళ్లదే.”

తల్లితో వాదించి గెలిచినవాడు ఆ ఇంట్లో ఇంతవరకు లేడు. నిజం చెప్పుకోవాలంటే అతని బాధ తల్లితో కాదు. పొద్దు వాలితే సాదుల్లా బజారు నుంచి ఈ గల్లీ మీదుగానే వస్తాడు. ‘క్యా రాములూ’ అని భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి పడినప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

“జారి వడ్డదని జెప్పు,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “కొంగు ఊడింది, గోలెంల వడ్డది. గంతే. వాళ్లేమన్న సాక్ష్యం అడుగుతరా?”

సంగమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. పీరు ఎత్తుకున్న రోజున ఊరంతా చేతులెత్తి మొక్కే మనిషి. ఇప్పుడు పెరట్లో నిలబడి అబద్ధం వెతుకుతున్నాడు. ఛీ అనిపించింది. ఆ వెంటనే, ఆ ఛీ ముందు తనకే తగులుతుందని తెలిసింది.

“నేను తిన్న. నాకేం గాలే. అమ్మ తింటె ఏమైతది?”

ముత్యాలు. ఏడేళ్ల పిల్ల, జ్వరం దిగినా చేతులు ఇంకా చీపురుపుల్లల్లానే ఉన్నాయి. గోడ మీది కొత్త లంగా ఎప్పుడు తీసుకుందో, ఎప్పుడు కట్టుకుందో, ద్వారంలో నిలబడి అంచు చూసుకుంటోంది.

నర్సింహమ్మ చేతిలో చింతపండు ఆగింది. “నువ్వు తిన్నవా?”

“మూడు తిన్న. ఖీరు సుత తాగిన.”

“ఓరి నాయనో! ఈ పిల్ల నన్ను బతకనిచ్చేటట్టు లేదు!”

“అవి నా కుండలే గదవ్వా,” అంది పిల్ల, అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు. “ఫకృన్నీసా పెద్దమ్మ జెప్పింది. నాకు జరమొచ్చినప్పుడు మొక్కిందట. ముత్యాలు లేసి మళ్ల గల్లీల ఉరికితే కుండలు నింపుత అని.”

బర్రె గోలెం అడుగు నాకుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

పొద్దున ఆ ఇంట్లో ఉర్దూ మాటల మధ్య ‘ముత్యాలు’ అన్న పేరు సంగమ్మ చెవిన పడింది. పిల్లకు పెట్టమంటున్నారేమో అనుకుంది. అప్పుడు ఆమె చేతులు కొంగు కింద ముడి వేస్తున్నాయి. తన బిడ్డ బతికినందుకు పెట్టిన పూరి! దాన్ని దొంగసొత్తులా దాచుకుని తెచ్చి గొడ్డుకు వేసింది తనే.

అంతటితో అయిందా? మాఘమాసంలో ఇరవై ఒక్క రోజుల విషజ్వరం. పిల్ల కళ్లు తేలవేస్తే చుట్టాలు కూడా గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి పోయారు. తడిగుడ్డ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నది ఫకృన్నీసా. ఆమె తీరు సంగమ్మకు తెలియనిది కాదు. ఏటా రంజానుకు ఈ ఇంటికి వచ్చేది పచ్చి సేమియా, చక్కెర, ఖర్జూరాలు. వండి పంపితే వీళ్లు ఇబ్బంది పడతారని, వండుకోవడానికి సామానే పంపేది. ఒక్కనాడు కూడా ఎందుకు తినరని అడగలేదు. పిల్ల మొదటిసారి గంజి తాగిన రోజున సంగమ్మే ఆమె చేతులు పట్టుకుని, “ఇగ పచ్చియి పంపకక్కా, నీ చేతితోని వండింది పెట్టు, తింట,” అంది. ఎవరూ అడగకుండానే అంది. ఏడుస్తూ అంది. రెండు నెలలు తిరగలేదు.

సంగమ్మ కొంగు సర్దుకుని దడి వైపు నడిచింది.

“ఏడికే?” అంది అత్త.

“పోయి జెప్పొస్త.”

“ఆ పిల్ల ఇంట్ల జెప్పిందో లేదో! నువ్వే పోయి నోరు వారేసుకుంటవా? తెలివి ఉన్నదా నీకు?”

“లేదత్తా,” అంది సంగమ్మ. “ఉంటె గిట్లెందుకైతది?”

* * *

ఫకృన్నీసా ఇంటి ముందు గోనెపట్టా పరదా. పరదా బయట జాహెదా పళ్లేలు తోముతోంది. పదిహేనేళ్ల పిల్ల. సంగమ్మ నీడ పడగానే తల ఎత్తి, మళ్లీ దించుకుంది.

“అమ్మి ఉన్నదా?”

“ఉన్నది.”

“జెప్పినవా బిడ్డా?”

జాహెదా పళ్లెం మీద బూడిద రుద్దుతూనే ఉంది. తోమిన పళ్లేన్నే మళ్లీ తోముతోంది.

“జెప్పలే చిన్నమ్మా. ఎట్ల జెప్పాలె? పొద్దుగాల మూడు గొట్టంగ లేసి పిండి పిసికింది. ఎవ్వరిని ముట్టనియ్యలే. ఇయి ముత్యాలువి, నా చేతితోనే జేస్త అన్నది.” పిల్ల ఇంకో పిడికెడు బూడిద తీసుకుంది. “నువ్వు జెప్తవా, జెప్పవా, నీ ఇష్టం. నన్ను మాత్రం అడగకు.”

ఆ పిల్ల కోపంగా నాలుగు మాటలు అంటే సంగమ్మకు హాయిగా ఉండేది. అనలేదు.

పరదా తొలగింది. ఫకృన్నీసా చేతిలో పెద్ద ఇత్తడి తష్టు. పొద్దుటి నుంచి తిన్నవాళ్లంతా చేతులు కడిగిన నీళ్లు అందులో ఉన్నాయి. కుండల నియాజ్ తిన్న చేతులు కడిగిన నీళ్లు కూడా ఎవరి కాలూ పడని చోటే పోయాలి. ఆమె మల్లెపాదు వైపు పోతూ సంగమ్మను చూసి ఆగింది.

“ఏంది సంగమ్మా, మళ్లొచ్చినవ్? రా, లోపలికి రా.”

“ఈడనే ఉంటక్కా. ఒక మాట.”

ఫకృన్నీసా నీళ్లు పాదులో పోసి, తష్టు బోర్లించి, దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

“నాకు ఎరికే. కొంగుల కట్టుకున్నవ్ గద? నేను సూసిన. నువ్వు చేతులు సుత కడగలే.”

సంగమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. “సూసినవా? సూసి ఏమనకపోతివి?”

“గంతమంది ఆడోళ్ల ముంగట నీ కొంగు ఇప్పిస్తనా? ఏం మాటనే!” ఫకృన్నీసా నవ్వింది. “సిగ్గువడ్డది, నలుగుట్ల తినలేక ఇంటికాడ తింటది అనుకున్న. బయటికి తీస్కపోవద్దు, నిజమే. గని నీకు అలవాటు లేదు గద. పైనోడు మాఫ్ జేస్తడు. తిన్నవు గద?”

ఇంత సులువుగా బయటపడే దారి ఏ తప్పుకూ దొరకదు. తల ఊపితే చాలు. మాట కూడా అక్కరలేదు. జాహెదా చెప్పదు. అత్త చెప్పదు. బర్రె అసలే చెప్పదు. ఏటా రంజాను వస్తుంది, ఏటా ఉగాది వస్తుంది, ఈ మనిషి ఇట్లాగే నవ్వుతూ ఉంటుంది.

పళ్లేల చప్పుడు ఆగింది. జాహెదా వింటోంది.

“లేదక్కా,” అంది సంగమ్మ. “తినలే. గోలెంల ఏసిన.”

ఫకృన్నీసాకు వెంటనే అర్థం కాలేదు. “ఏ గోలెంల?”

“బర్రె గోలెంల. నా చేతితోనే ఏసిన. ఎవ్వరు ఏపియ్యలే.”

నవ్వు పోవడం సంగమ్మ కళ్లారా చూసింది. ముందు కళ్లలోంచి పోయింది. పెదవుల మీద ఇంకా కాసేపు ఉంది.

“తిననంటె నేనేమన్న కొడుదునా?” అంది ఫకృన్నీసా. “ఇన్నేండ్ల సంది పచ్చియి పంపిన. ఒక్క మాట అన్ననా? నువ్వు తినకున్నా నాకు నువ్వే గద. వండింది పెట్టమన్నది ఎవరు? నేనడిగిన్నా నిన్ను?”

“నువ్వడగలే.”

“మరెందుకన్నవే?”

ఆ రోజు సంగమ్మ ఆ మాట నిజంగానే అంది. ఈ రోజు ఈ పని కూడా నిజంగానే చేసింది. ఆ రెండింటినీ చేసింది ఒక్క మనిషే అంటే ఎవరు నమ్ముతారు? తనకే నమ్మబుద్ధి కావడం లేదు.

“అత్త ఒట్టు వెట్టించింది,” అంది. అన్నాక నాలుక కరుచుకుంది. నేరం ఇంకొకరి మీదికి నెట్టడానికి కాదు ఆమె వచ్చింది. “గది నెపం గాదక్కా. ఒట్టు లేకున్నా తిందునో లేదో నాకే ఎరికలేదు. పూరి చేతికి రాంగనే పానం జలదరించింది. గదీ నిజం.”

సంగమ్మ కొంగు ముడి విప్పింది. రెండో పూరి. నలిగి, ఒక అంచు విరిగి, చీర పోగులు అంటుకుని ఉంది.

“ఇది ఇంక ఉన్నది. ఇప్పుడు తింట. నీ ముంగటే తింట.”

“ఇగ అది నియాజ్ గాదు,” అంది ఫకృన్నీసా ముఖం తిప్పుకుని. “గడప దాటింది. దానికి ఇగ ఏ మొక్కు లేదు, ఏ దేవుడు లేడు. ఉత్త పూరి.”

“ఉత్త పూరే తింట. నువ్వు జేసింది గద.”

సంగమ్మ పూరి నోటి దాకా తెచ్చింది. ఫకృన్నీసా గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఒట్టు ఎవ్వరి మీద వెట్టించింది?”

సంగమ్మ చూపు తన ఇంటి వైపు పోయింది.

“ముత్యాలు మీదనా?”

“ఊ.”

“నీ మొహం మండ! బిడ్డ మీద ఒట్టు వెట్టుకోని తింటవా? నేను ఇరవై ఒక్క దినాలు ఎందుకు కూసున్న ఆడ? నా మొక్కు ఒకదిక్కు, మీ అత్త ఒట్టు ఒకదిక్కు, నడుమ పిల్లను వెట్టి ఆటాడుతున్నరా?” ఆమె చేతి పట్టు ఇంకా బిగిసింది. కోపంలో కూడా ఆ మనిషి దిగులు ముత్యాలు గురించే. సంగమ్మకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

గల్లీలో ఎవరో దగ్గారు.

నర్సింహమ్మ. మనవరాలి చెయ్యి పట్టుకుని పరదాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో! ముత్యాలు కొత్త లంగా ఎగరేస్తూ గిర్రున తిరిగి, “పెద్దమ్మా, సూడు!” అంది. ఎవరూ చూడలేదు.

“అవ్వా,” అంది ఫకృన్నీసా. “మంచిగొచ్చినవ్. ఒట్టు తీసి గట్టు మీద వెట్టు.”

“నేనా?”

“పెట్టించినోళ్లే తియ్యాలె గద.”

ముసలామె కదలలేదు. నాకేం పని అన్నట్టు గల్లీ చివరికి చూసింది. అప్పుడు జాహెదా లేచి నిలబడింది. చేతులనిండా బూడిద.

“అవ్వా, మీ ఇంట్ల ఆ జరం దినాలల్ల మా అమ్మి నీళ్లడిగితె ఎట్లిచ్చినవ్? దోసిలి పట్టుమని చెంబు మీదికెత్తి పోసినవ్. ముత్యాలు నెత్తి ఆమె ఒళ్లోనే ఉండె. నేను సూసిన.”

“జాహెదా! నోరు ముయ్యి,” అంది ఫకృన్నీసా. కానీ అనకూడని మాట అన్నందుకు కోప్పడినట్టు లేదు. దాచుకున్న మాట బయటపడ్డందుకు సిగ్గుపడ్డట్టు ఉంది.

చెంబు ఎత్తి పోయడం సంగమ్మ కూడా చూసింది ఆ రోజు. చూసి పొయ్యి వైపు తిరిగి, మండుతున్న కట్టెలనే ఎగదోసింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది జరగలేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది.

నర్సింహమ్మ ముఖం నల్లబడింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆ నోరు జవాబు లేకుండా మూతపడటం సంగమ్మ కాపురానికి వచ్చాక ఇదే మొదలు. కాసేపటికి ముత్యాలు నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. ఏదో ఎత్తి తీసినట్టు తీసి, పక్కనున్న పిట్టగోడ మీద ఆనించింది.

“తీసి గట్టు మీద వెట్టిన,” అంది. ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

ఫకృన్నీసా మణికట్టు వదిలింది. సంగమ్మ పూరి తిన్నది. చల్లారి గట్టిపడింది, చీర పోగు ఒకటి నాలుకకు తగిలింది. తియ్యగానే ఉంది. అందరూ చూస్తుండగా నమిలింది, మింగింది. తింటే సిగ్గు తీరుతుందనుకుంది. తీరలేదు. మింగిన ముద్ద కిందికి పోయింది, సిగ్గు పైనే ఉండిపోయింది.

“అక్కా,” అంది. “ఎనిమిదొద్దులైతె ఉగాది. ఏటేటా వస్తవు గద పచ్చడి తాగనీకె. ఈసారి వస్తవా?”

ఫకృన్నీసా బోర్లించిన తష్టు తీసి గోడకు ఆనించింది. తొందర పడలేదు.

“వస్త,” అంది. “గని ఈసారి నువ్వు పొయ్యొద్దు. అవ్వ పొయ్యాలె. గిలాసల పోసి నా చేతికియ్యాలె. దోసిట్ల గాదు.”

గల్లీలో నర్సింహమ్మ అది విన్నది. విన్నట్టు తల కూడా తిప్పలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి నడిచింది.

సంగమ్మ వెనకే నడిచింది. దడి తీసుకుని లోపలికి వచ్చారు. పెద్దరాములు అరుగు మీంచి లేచి ఇద్దరి ముఖాలూ చూసి పక్కకు జరిగాడు.

నర్సింహమ్మ చింతపండు ముందు మళ్లీ కూర్చుంది. నాలుగు గింజలు తీసింది.

“మనింట్ల గిలాసలెన్ని ఉన్నయే?”

సంగమ్మ ఆగిపోయింది. “మూడు అత్తా.”

“నాలుగోది కొనాలె,” అంది నర్సింహమ్మ, తల ఎత్తకుండా.

వచ్చే మనిషికి తక్కువ కాకూడదని కొంటుందా, వచ్చే మనిషికి వేరేగా ఉంచడానికి కొంటుందా? సంగమ్మ అత్త ముఖం చూడాలనుకుంది. ముఖం కిందికే ఉంది. అడగాలనుకుంది. పొద్దుటి నుంచి ఇంత జరిగాక కూడా, ఆ ఒక్క మాట అడగడానికి ఆమెకు నోరు రాలేదు.